ఎంటర్ కీ మీద వేలు

విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణం. పొద్దున పదిన్నర. బిల్లింగ్ చూసే ఆమె ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కూర్చుంది. అవతల ఏదో పల్లెటూరి మెడికల్ షాపు యజమాని సరుకు చెబుతున్నాడు. "పాన్ ఫార్టీ ఇరవై, డోలో ఆరు యాభై పది..." అతని నోట్లో మాట పూర్తయ్యేలోపే ఆమె వేళ్లు మందు పేరులో మొదటి మూడక్షరాలు కొట్టేస్తున్నాయి. ఎంటర్. బ్యాచి. ఎంటర్. ఎన్ని స్ట్రిప్పులు. ఎంటర్. ఆమె కళ్లు కీబోర్డు మీద లేవు, తెర మీద కూడా పూర్తిగా లేవు. ర్యాకుల దగ్గరున్న ప్యాకింగ్ కుర్రాడితో "అవి పాత బ్యాచివి, ముందు అవి తియ్యి" అంటోంది. ఎదురుగా నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఏనాటిదో ఫాక్స్‌ప్రో ప్రోగ్రాము. మానిటర్ అంచున అంటించిన తెల్ల కాగితం మీద తొమ్మిది కోడ్లు బాల్‌పెన్నుతో రాసి ఉన్నాయి.

ఆ ప్రోగ్రామును తీసేసి, దాని స్థానంలో బ్రౌజర్లో నడిచే కొత్త వ్యవస్థ పెట్టిన బృందంలో నేనూ ఉన్నాను. మాది చూడముచ్చటైన తెర. పెద్ద పెద్ద బటన్లు, కళ్లకు హాయిగా బోలెడంత ఖాళీ, మందు పేరు మీద క్లిక్ చేస్తే కిందికి జారే జాబితా, బొమ్మతో సహా. ఓనరు గారికి చూపిస్తే ఆయన ముఖం వెలిగిపోయింది. మొదటి రోజు మధ్యాహ్నానికి మూడు ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, కౌంటరు దగ్గర ఆటోవాళ్లు బిల్లుల కోసం నిలబడిపోయారు. ఆమె నా వైపు తిరిగి ఒకే మాట అంది: "సార్, చూడటానికి బాగుంది. కానీ చెయ్యి ఎక్కడ పెట్టాలో చేతికి తెలియట్లేదు."

వారం రోజుల్లో అలవాటైపోతుందిలే అనుకున్నాం. అందరూ అనుకునేది అదే. వారం గడిచింది. ఆమె తడబాటు తగ్గింది గానీ క్యూ తగ్గలేదు. అప్పుడు ఒక్కో బిల్లుకు ఎంతసేపు పడుతుందో లెక్క వేద్దామని కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఈ లెక్కలు వేసే పద్ధతి 1980లోనే సిద్ధమై ఉంది. దాన్ని మేం వాడలేదు, అంతే.

అమెరికాలో జిరాక్స్ కంపెనీకి పార్క్ అనే పరిశోధనాలయం ఉండేది. ఈనాడు మనం వాడే మౌసు, కిటికీలు, మెనూలు చాలావరకు అక్కడే ఒక రూపానికి వచ్చాయి. అక్కడి స్టూవర్ట్ కార్డ్, థామస్ మోరన్, వారితో పనిచేసిన అలెన్ న్యూవెల్ ఒక సాదా ప్రశ్న వేసుకున్నారు: చేయి తిరిగిన మనిషి కంప్యూటర్ మీద ఒక పని చేయడానికి ఎంతసేపు పడుతుందో, ఆ ప్రోగ్రాము రాయకముందే చెప్పగలమా? పనిని చిన్న చిన్న కదలికలుగా విడగొట్టి, ఒక్కోదాన్నీ కొలిచారు. బాగా టైపు చేసేవాళ్లకు ఒక కీ నొక్కడానికి సుమారు 0.2 సెకను. చేయి కీబోర్డు మీద నుంచి మౌసు మీదికి పోవడానికి 0.4. బాణం గుర్తును తెర మీద కావలసిన చోటికి చేర్చడానికి సగటున 1.1. తర్వాత ఏం చేయాలో మనసు సర్దుకోవడానికి 1.35. అంతే, ఇక కూడికలే.

మా తెరకు ఈ కూడిక వేసి చూశాను. పాత ప్రోగ్రాములో బ్యాచి ఒప్పుకోవడానికి ఒక ఎంటర్: 0.2 సెకను. మా కొత్త తెరలో చేయి మౌసు మీదికి 0.4, గురి 1.1, క్లిక్ 0.2, మళ్లీ కీబోర్డు మీదికి 0.4. మొత్తం 2.1. ఒక్కో మందుకు సుమారు 1.9 సెకన్లు అదనం. ఎవరూ పట్టించుకోని తేడా. కానీ బిల్లుకు ఇరవై మందులు, రోజుకు వంద బిల్లులు అనుకుంటే రెండు వేల సార్లు. 3,800 సెకన్లు. అంటే గంటకు పైగా. మేం తెచ్చిన ఆ అందం ఆమె రోజులోంచి ఒక గంట తీసుకుపోయింది, అదీ ఆమెది కాని తప్పుకు ఓనరు గారి విసుగు వింటూ.

బాణాన్ని చేర్చడానికి 1.1 సెకను ఎందుకు పడుతుందో కూడా తెలిసిందే. పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లో చూపించాడు: గురి ఎంత దూరమో, ఎంత చిన్నదో దాన్ని బట్టి చేతికి పట్టే సమయం పెరుగుతుంది. పరుగెత్తేది బాణమైనా, సూదిలో దారం ఎక్కించే వేలైనా, సూత్రం ఒకటే. ఎంటర్ కీ దగ్గర మాత్రం ఆమె వేలు ముందే ఉంది. దూరం సున్నా. పాత నల్ల తెర రహస్యమంతా ఆ సున్నాలో ఉంది.

అయితే కదలికలన్నీ కూడితే పని మొత్తం వచ్చేస్తుందా? రాదు. ఈ సంగతిని నేను చదివిన వాటిలో అన్నిటికన్నా చక్కగా చూపించిన కథ అమెరికా టెలిఫోన్ ఆపరేటర్లది.

నైనెక్స్ అని న్యూయార్కు, న్యూ ఇంగ్లండ్ ప్రాంతాల టెలిఫోన్ కంపెనీ ఉండేది. ఆ రోజుల్లో అవతలివాళ్లు డబ్బు కట్టే కలెక్ట్ కాల్ చేయాలన్నా, కార్డు మీద మాట్లాడాలన్నా ఆపరేటర్ కలపాలి. ఒక్కో కాల్ మీద ఆపరేటర్ వెచ్చించేది కొద్ది సెకన్లే, కానీ అలాంటి కాల్స్ ఎన్నో. కంపెనీ కొత్త వర్క్‌స్టేషన్లు కొనాలనుకుంది. వాటిని తయారుచేసినవాళ్లు శ్రద్ధగానే చేశారు. తెర మీద సమాచారం త్వరగా వస్తుంది, కొన్ని కీ నొక్కుళ్లు తగ్గుతాయి, అక్షరాల బదులు చిత్రాలుంటాయి. కాల్ సమయం తగ్గుతుందన్నది అందరి నమ్మకం. వేన్ గ్రే, బానీ జాన్, మైఖేల్ ఆట్‌వుడ్ అనే పరిశోధకులు కార్డ్, మోరన్, న్యూవెల్ పద్ధతిని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి ఒక్కో రకం కాల్‌నూ కాగితం మీద గీశారు. ఆపరేటర్ చెవి ఏం వింటోంది, కన్ను ఏం చూస్తోంది, నోరు ఏం పలుకుతోంది, చేయి ఏం నొక్కుతోంది, ఇవన్నీ ఒకదాని పక్కన ఒకటిగా, సెకనులో వెయ్యో వంతు కొలతలతో. ఆ లెక్క తేల్చింది వేరు: కొత్త యంత్రం పాతదానికన్నా నెమ్మది.

అందరి నమ్మకానికి అది విరుద్ధం. నాలుగు నెలల పాటు నిజమైన ఆపరేటర్లతో, 70 వేలకు పైగా నిజమైన కాల్స్‌తో పరీక్షించారు. లెక్కే నిజమైంది. ఆ నెమ్మది ఖరీదు ఏడాదికి దాదాపు 20 లక్షల డాలర్లు. 1993లో అచ్చయిన ఆ పరిశోధనలో నన్ను కట్టిపడేసిన సంగతి ఇంకొకటుంది. కొత్త యంత్రం మీద ఆపరేటర్ల వేగం మొదటి నెల తర్వాత స్థిరపడిపోయింది. ఆ తర్వాత ఎంత వాడినా అంతే. "అలవాటైపోతుందిలే" అనే మాటకు ఒక నెల గడువుంది. ఆ తర్వాత కూడా నెమ్మదిగా ఉంటే లోపం మనిషిలో లేదు.

నొక్కవలసిన కీలు తగ్గించినా పని ఎందుకు నెమ్మదించింది? పెళ్లి వంట తలుచుకోండి. పెద్ద గుండిగలో అన్నం ఉడుకుతోంది. అది ఉడికేలోపు ఇద్దరు కూర్చుని కూరగాయలు తరుగుతున్నారు. తరిగేవాళ్లను నలుగురిని చేస్తే విస్తళ్లు ముందుగా లేస్తాయా? లేవవు, అన్నం ఉడకాలి కదా. కానీ పొయ్యి వెలిగించడం పది నిమిషాలు ఆలస్యమైతే మాత్రం భోజనమే పది నిమిషాలు ఆలస్యం. ఏ పని ఆగితే మొత్తం ఆగుతుందో ఆ గొలుసులోని పనులు వేరు, వాటి పక్కన ఖాళీలో జరిగిపోయే పనులు వేరు. కొత్త యంత్రం తీసేసిన కీ నొక్కుళ్లు ఫోనులో అవతలి మనిషి ఇంకా మాట్లాడుతుండగా, ఎలాగూ వేచి ఉండే సమయంలో ఆపరేటర్ నొక్కేవి. అవి తీసినా ఒరిగిందేమీ లేదు. పైగా సంభాషణ ముగిశాక, ఇక వేచి ఉండేదేమీ లేని చోట, ఒక కొత్త నొక్కుడు వచ్చి చేరింది. అది నేరుగా కాల్ సమయం మీద పడింది.

ఇది చదివాక నేను దుకాణానికి వెళ్లి ఆమె వెనక స్టూలు వేసుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. తెర వైపు చూడలేదు, చేతుల వైపు చూశాను. అవతలి మనిషి మందు పేరు పలికే వ్యవధిలో ఆమె మూడక్షరాలు కొడుతుంది. అతను ఎన్ని కావాలో చెప్పేలోపు బ్యాచి ఎంచుకుంటుంది. అతని మాటే ఆమె పనికి తాళం. మేం తెచ్చిన జాబితా సర్వర్ నుంచి రావడానికి ఒకటిన్నర సెకను తీసుకునేది. దాంతో ఆ తాళం తప్పింది, ఆమె "ఒక్క నిమిషం ఆగండి బాబాయ్" అనడం మొదలుపెట్టింది. పాత ప్రోగ్రాము ఉన్న రోజుల్లో ఒక్కసారి కూడా ఆమె నోట ఆ మాట వినలేదు.

మానిటర్ మీది కాగితం గురించి కూడా అప్పుడే అడిగాను. ఆ కోడ్లలో ఒకటి పదికి ఒకటి ఉచితం ఇచ్చే స్కీముది. ఒకటి ఎక్స్‌పైరీ అయిన సరుకు వాపసుది. ఒకటి పాత బాకీ ఉన్న షాపుకు బిల్లు ఆపడానికి. ఆ కాగితమే అసలు సాఫ్ట్‌వేర్ మాన్యువల్. ఏ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ మార్చబోతున్నా ముందు మానిటర్ల అంచులు చూడండి, కీబోర్డు కిందా, టేబుల్ అద్దం కిందా చూడండి. ప్రోగ్రాము గుర్తుపెట్టుకోవలసింది మనిషి గుర్తుపెట్టుకుంటున్న ప్రతిచోటా ఒక కాగితం ఉంటుంది.

వేగం సంగతి సరే. తప్పుల సంగతి ఇంకా తీవ్రమైంది.

2020 ఆగస్టు 11. సౌందర్య సాధనాల కంపెనీ రెవ్లాన్‌కు అప్పిచ్చిన సంస్థల తరఫున లావాదేవీలు చూసేది సిటీబ్యాంక్. ఆ రోజు కట్టవలసింది సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ. వెళ్లిపోయింది దాదాపు 90 కోట్ల డాలర్లు. అసలు మొత్తం కూడా అప్పిచ్చినవాళ్ల ఖాతాల్లోకి చేరిపోయింది.

బ్యాంకులో జాగ్రత్తలు లేక కాదు. ప్రతి చెల్లింపునూ ముగ్గురు చూడాలి, ఆరు కళ్ల తనిఖీ అంటారు దాన్ని. వివరాలు నింపిన వ్యక్తి, సరిచూసిన వ్యక్తి మన దేశంలో పనిచేసే కాంట్రాక్టు ఉద్యోగులు. చివరి ఆమోదం అమెరికాలోని డెలావేర్ నుంచి ఒక సీనియర్ మేనేజర్ ఇచ్చారు. వాడుతున్నది ఫ్లెక్స్‌క్యూబ్ అనే రుణాల సాఫ్ట్‌వేర్. ఆ రోజు చేయవలసిన పనికి అందులో నేరుగా దారి లేదు. అప్పు మొత్తం తీర్చేస్తున్నట్టుగా నమోదు చేసి, అసలు మాత్రం బయటికి పోకుండా బ్యాంకులోని ఒక అంతర్గత ఖాతాకు మళ్లించాలి. అలా మళ్లించాలంటే తెర మీద మూడు గళ్లలో ఆ ఖాతా నంబరు నింపాలి. ఆ మూడింటి పేర్లు ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్. అసలును ఆపాలనుకున్న మనిషి ఏ గడి నింపుతాడు? ప్రిన్సిపల్ అని రాసి ఉన్నదే. ముగ్గురూ అది చాలనుకున్నారు. మిగిలిన రెండూ ఖాళీగా ఉండిపోయాయి.

ఆఖరున సాఫ్ట్‌వేర్ ఒక హెచ్చరిక చూపింది: డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగించాలా? వడ్డీ ఎలాగూ బయటికే వెళ్లాలి కాబట్టి ఆ హెచ్చరిక వాళ్లకు సరైనదిగానే కనిపించింది. ఎంత వెళ్తుందో మాత్రం అది చెప్పలేదు. ఆ ఒక్క అంకె అక్కడ ఉండి ఉంటే ఆరు కళ్లలో ఏ ఒక్క కన్నయినా ఆగేది.

కొందరు డబ్బు వాపసు ఇచ్చారు. 50 కోట్ల డాలర్లు తీసుకున్నవాళ్లు ఇవ్వబోమన్నారు. 2021 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ఫెడరల్ న్యాయమూర్తి వాళ్ల వైపే తీర్పిచ్చారు. 2022 సెప్టెంబరులో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. రెండేళ్ల పాటు ఆ మూడు గళ్ల తెర బొమ్మ కోర్టు కాగితాల్లో సాక్ష్యంగా తిరిగింది.

వార్తల్లో దీన్ని మానవ తప్పిదం అన్నారు. ఆ మాట నాకు ఒప్పుకోబుద్ధి కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బి-17 బాంబర్ల పైలట్లనూ ఇలాగే అన్నారు. క్షేమంగా నేల మీదికి దిగాక, రెక్కల అంచుల్లోని ఫ్లాప్స్ ముడవబోయి చక్రాలు ముడిచేసేవారు. విమానం పొట్ట మీద పడేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే యువ మనస్తత్వ శాస్త్రవేత్త కాక్‌పిట్‌లో చూస్తే ఆ రెండు స్విచ్చులూ పక్కపక్కనే ఒకేలా ఉన్నాయి. ఒకదాని చివర చిన్న రబ్బరు చక్రం, రెండోదాని చివర రెక్కలాంటి ముక్క తగిలించాడు. చీకట్లో తడిమినా ఏది ఏదో వేలికి తెలిసిపోయేది. పైలట్లకు కొత్త శిక్షణేమీ అక్కర్లేకపోయింది. ప్రిన్సిపల్, ఫ్రంట్, ఫండ్ అనే మూడు గళ్లు కాక్‌పిట్‌లోని ఆ ఒకేలాంటి స్విచ్చులే.

వ్యాపార సాఫ్ట్‌వేర్లలోనే ఇలాంటివి ఎందుకు ఇంతగా పేరుకుపోతాయి? నాకు తోచిన కారణం ఒకటి. సెల్‌ఫోనులో యాప్ నచ్చకపోతే మనం తీసేస్తాం. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌ను కొనేవారు ఒకరు, రోజుకు ఎనిమిది గంటలు దానితో వేగేవారు ఇంకొకరు. కొనేవారు అరగంట ప్రదర్శన చూస్తారు, అందులో తెర అందంగా ఉండాలి, జాబితాలో సౌకర్యాలు ఎక్కువుండాలి. వేగేవారిని ఎవరూ అడగరు. వాళ్లు తీసేయలేరు కనుక కాగితం అంటించుకుంటారు.

ఇక మేం ఏం మార్చామో చెబుతాను. పొద్దున దుకాణం తెరవగానే మందుల జాబితా మొత్తం బ్రౌజర్లోకి ఒకేసారి దిగేలా చేశాం. ఇక ఆమె అక్షరం కొట్టగానే పేరు వస్తుంది, సర్వర్ కోసం ఆగదు. పదో వంతు సెకను లోపు జవాబు వస్తే మనిషికి అది తన చేతి పనిలాగే అనిపిస్తుంది, సెకను దాటితే ఆలోచన తెగుతుంది. ఇది 1968లో రాబర్ట్ మిల్లర్ రాసిన కాలం నుంచీ ఈ రంగంలో ఉన్న కొలత. మూడక్షరాలు, ఎంటర్, ఎంటర్ అనే వరుసను అక్షరం మారకుండా తిరిగి తెచ్చాం. మౌసు కావాలన్నవాళ్లకు మౌసు ఉంది, కానీ అది లేకుండా బిల్లు మొదలు నుంచి చివరిదాకా పోతుంది. ముందుగా ఎక్స్‌పైరీ అయ్యే బ్యాచిని ప్రోగ్రామే ఎంచి పెడుతుంది, ఆమె ఒప్పుకుంటే చాలు. హాయిగా ఉన్న ఖాళీని తీసేసి ఒకే తెర మీద ఇరవై వరుసలు పట్టేలా చేశాం. మా బృందంలో ఒకరికి అది చాలా బాధ కలిగించింది. కానీ రోజంతా అదే చూసేవారికి కిందికీ పైకీ జరపడమే అసలు గందరగోళం. కొత్తగా చూసినవారికి కిక్కిరిసినట్టుండేది, అలవాటున్నవారికి అన్నీ అందుబాటులో ఉన్నట్టుంటుంది.

కోడ్ల బెడద తీర్చడానికి ఎక్కువ కాలం పట్టింది. కట్, కాపీ, పేస్ట్‌ను రూపొందించినవారిలో ఒకరైన ల్యారీ టెస్లర్ చెప్పేవారు, ప్రతి పనిలోనూ తగ్గించలేని చిక్కు కొంత ఉంటుందని, దాన్ని ప్రోగ్రామర్ మోయాలా, వాడేవాళ్లు మోయాలా అన్నదే ప్రశ్న అని. పదికి ఒకటి ఉచితం అనే స్కీము ఎత్తేయలేం, ఆ వ్యాపారమే దాని మీద నడుస్తుంది. ఆమె మోస్తున్న ఆ బరువును మేం ఎత్తుకోవాలి. ఏ కంపెనీ మందుకు ఏ స్కీము ఏ తేదీ దాకా ఉందో పట్టికలో పెట్టి, పది కొట్టగానే పదకొండోది తనంతట తాను పడేలా చేయడానికి ఇద్దరికి మూడు వారాలు పట్టింది. తెర మీద దాని జాడ ఒక చిన్న "+1".

హెచ్చరికలను దాదాపు అన్నీ తీసేశాం. "నిజంగా తొలగించాలా?" అని రోజుకు యాభైసార్లు అడిగితే చేయి చదవకుండానే అవునంటుంది. దానికి బదులు తొలగించిన వరుస బూడిద రంగులో అక్కడే ఉంటుంది, ఒక కీతో వెనక్కి వస్తుంది. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంచాం, సిటీబ్యాంక్ సంగతి మనసులో పెట్టుకుని. ఏ షాపయినా మామూలుగా తీసుకునేదానికి పది రెట్లు మించి సంఖ్య పడితే, ఈ షాపు ఎప్పుడూ తీసుకునేది 20, ఇప్పుడు పడింది 2000 అని రెండు అంకెలూ పక్కపక్కన చూపిస్తుంది. అడగదు, చూపిస్తుంది.

ఈసారి పాత ప్రోగ్రామును పూర్తిగా వదల్లేదు. పక్క సిస్టంలో నెల రోజులు ఉంచాం, ఎప్పుడైనా అటు తిరగవచ్చని చెప్పాం. మొదటి వారం రద్దీ వేళల్లో ఆమె అటే తిరిగింది. ప్రతిసారీ ఎందుకు తిరిగిందో రాసుకున్నాం. ఆ రాసుకున్నవే మాకు తర్వాతి వారం పని. మూడో వారం చివరికి తిరగడం మానేసింది.

నెల దాటాక ఒకరోజు వెళ్లాను. ఆమె ఫోనులో ఉంది, భుజానికీ చెవికీ మధ్య. కళ్లు ర్యాకుల వైపు, చేయి కీబోర్డు మీద. మానిటర్ అంచున తొమ్మిది కోడ్ల కాగితం లేదు, గమ్ మరక మాత్రం మిగిలింది. దాని కిందుగా ఇంకో కొత్త కాగితం, చిన్నది, ఒకటే వరుస: "సగం స్ట్రిప్పు వాపసు – ముందు ఎఫ్8, తర్వాత ఎంటర్ రెండుసార్లు." ఫోను పెట్టేశాక అదేమిటని అడిగాను. సగం వాడిన స్ట్రిప్పులు వాపసు వస్తే మా తెరలో పెట్టే దారి లేదట, తనే ఒకటి కనిపెట్టుకుంది. స్టూలు లాక్కుని మళ్లీ ఆమె వెనక కూర్చున్నాను.